పెల్లెట్‌తో (వేగంగా తిప్పితే అడుగున దిగినదానితో) వచ్చిన ఎఫెక్ట్ ఎస్‌ఈసీ (సైజును బట్టి వేరు చేసే) కాలమ్ దాటాక పోతోంది. ఇది ఎక్సోజోమ్‌ల పనేనా?

#1 కణసందేశం
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడు, హైదరాబాద్. ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ కణాలు వదిలే ఎక్సోజోమ్‌లు (వెసికిల్స్ అనే అతి చిన్న పొర సంచుల్లో ఒక రకం) రక్తనాళాల లోపలి పొరను వదులు చేస్తాయా, చేస్తే ఏ సరుకుతో చేస్తాయి అన్నది నా పని. క్యాన్సర్ కణాల మిర్-105 (ప్రొటీన్ తయారీని అణచే మైక్రోఆర్ఎన్ఏ) ఎండోథీలియల్ కణాల్లోకి, అంటే ఆ లోపలి పొర కణాల్లోకి వెళ్లి, కణాల మధ్య కీళ్లలో ఉండే జడ్ఓ-1 ప్రొటీన్‌ను తగ్గిస్తుందని 2014లో వచ్చింది కదా, అక్కడి నుంచే మొదలుపెట్టాం.

సెటప్ ఇదీ. ఎండీఏ-ఎంబీ-231 కణాలు, 15 సెం.మీ. ప్లేట్లు పది, ప్లేటుకి సుమారు 2 కోట్ల కణాలు, 20 మి.లీ. మీడియం, 48 గంటలు. సీరమ్ ముందే 18 గంటలు తిప్పి వెసికిల్స్ తీసేసింది. తర్వాత మామూలు స్పిన్‌లే: 300 జీ (గురుత్వానికి 300 రెట్లు) 10 నిమిషాలు, 2,000 జీ 20 నిమిషాలు, 10,000 జీ 30 నిమిషాలు, 1,00,000 జీ 70 నిమిషాలు, పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) వాష్, మళ్లీ 70 నిమిషాలు. పెల్లెట్ 100 మైక్రోలీటర్ల పీబీఎస్‌లో. ఎన్‌టీఏలో (నలుసులను లెక్కపెట్టే మెషీన్) మి.లీ.కి 1.5×10¹² పార్టికల్స్, బీసీఏలో (ప్రొటీన్ కొలిచే పరీక్ష) మొత్తం 180 మైక్రోగ్రాముల ప్రొటీన్.

హువెక్ కణాలను (బొడ్డుతాడు సిర లోపలి పొర కణాలు) 24 వెల్ ట్రాన్స్‌వెల్ ఇన్సర్ట్‌లో (అడుగున సూక్ష్మ రంధ్రాల పొర ఉన్న గిన్నె) పెంచి, పైన 200 మైక్రోలీటర్ల మీడియంలో 2.2 మైక్రోలీటర్ల పెల్లెట్ (4 మైక్రోగ్రాములు) ఇస్తే ఫిట్‌సీ-డెక్స్‌ట్రాన్ (మెరిసే రంగు తగిలించిన చక్కెర) లీకేజీ బాగా పెరుగుతోంది. అదే పెల్లెట్‌ను 10 మి.లీ. సెఫరోజ్ సీఎల్-2బీ కాలమ్‌లో దించి, 7 నుంచి 10 వరకు ఫ్రాక్షన్లు కలిపి (2 మి.లీ., మొత్తం 4×10¹⁰ పార్టికల్స్, 3 మైక్రోగ్రాముల ప్రొటీన్) అంతే వాల్యూమ్ ఇస్తే ఏమీ లేదు. కాలమ్‌లో వెసికిల్స్ పాడవుతున్నాయా, లేక మొదటిదే తప్పుడు సిగ్నలా?

#2 స్పిన్‌మాస్టర్
ముందు డోసు చూడండి. పెల్లెట్ 2.2 మైక్రోలీటర్లలో 3.3×10⁹ పార్టికల్స్ ఉన్నాయి. కాలమ్ తర్వాత మి.లీ.కి 2×10¹⁰ కాబట్టి అదే 2.2 మైక్రోలీటర్లలో 4.4×10⁷. అంటే 75 రెట్లు తక్కువ. ఈ రెండింటినీ పోల్చి కాలమ్ మీద తీర్పు ఇవ్వలేం. పార్టికల్స్ లెక్కన సమానంగా ఇచ్చి చూడాలి.

అయితే కాలమ్ ద్రవాన్ని నేరుగా పోసి సమానం చేయబోకండి. 3.3×10⁹ కావాలంటే 165 మైక్రోలీటర్లు పోయాలి, అంటే వెల్‌లో దాదాపు అంతా పీబీఎస్సే అవుతుంది. పీబీఎస్‌లో కాల్షియం ఉండదు, కణాలను కలిపి పట్టే వీఈ-కాడ్‌హెరిన్‌కి కాల్షియం లేకపోతే కీళ్లు వాటంతట అవే విడిపోతాయి. అప్పుడు వచ్చే లీకేజీ పీబీఎస్‌ది. కలిపే వాల్యూమ్ 10 శాతం లోపే ఉంచండి, అంతే పీబీఎస్ పోసిన వెల్ ఒకటి తప్పకుండా పక్కన పెట్టండి. కాలమ్ ద్రవాన్ని 10 కిలోడాల్టన్ల రీజనరేటెడ్ సెల్యులోజ్ ఫిల్టర్‌తో చిక్కబరచండి. 100 కిలోడాల్టన్లది త్వరగా దిగుతుంది నిజమే, కానీ పొర రకాన్ని బట్టి వెసికిల్స్ అందులో ఎక్కువగా అతుక్కుపోతాయి.

#3 వెసికిల్_వైజాగ్
డోసు సంగతి సరే, పెల్లెట్ శుభ్రత కూడా ఆ అంకెల్లోనే ఉంది. 1.5×10¹¹ ని 180తో భాగిస్తే మైక్రోగ్రాముకి 8.3×10⁸ పార్టికల్స్. 2013లో వెబర్, క్లేటన్ సూచించిన కొలత ప్రకారం మైక్రోగ్రాముకి 3×10¹⁰ దాటితే బాగా శుభ్రం, 2×10⁹ నుంచి 2×10¹⁰ దాకా తక్కువ శుభ్రం, 1.5×10⁹ కిందైతే శుభ్రం కాదు. మీ కాలమ్ సరుకు 1.3×10¹⁰ దగ్గర ఉంది, పెల్లెట్ కన్నా ఎంతో మేలు. పెల్లెట్‌లో మాత్రం ఎక్కువ భాగం వెసికిల్స్‌కి చెందని ప్రొటీనే.

అందుకే ఈ పనిలో డోసును ప్రొటీన్ మైక్రోగ్రాముల్లో చెప్పడం నాకు అస్సలు నచ్చదు. ప్రెప్ ఎంత మురికిగా ఉంటే 4 మైక్రోగ్రాములకు అన్ని తక్కువ వెసికిల్స్ వస్తాయి. పార్టికల్స్ సంఖ్య, ప్రొటీన్, ఎన్ని దాత కణాల నుంచి వచ్చింది, మూడూ రాయండి. వెసికిల్ పరిశోధనలకు ఉన్న 2023 మైసెవ్ మార్గదర్శకాల్లో కూడా ఒక్క కొలత మీద ఆధారపడవద్దనే ఉంది.

ఎన్‌టీఏ అంకెను కూడా అప్పుడే నమ్మకండి. ఆ మెషీన్‌కి వెసికిల్ ఏదో, ప్రొటీన్ ముద్ద ఏదో, సీరమ్ నుంచి వచ్చిన లైపోప్రొటీన్ ఏదో తెలియదు, కాంతిని చెదరగొట్టే ప్రతిదాన్నీ లెక్కపెడుతుంది. ఫ్రేమ్‌కి 20 నుంచి 100 పార్టికల్స్ కనిపించేలా డైల్యూట్ చేయండి. కెమెరా లెవెల్, డిటెక్షన్ థ్రెషోల్డ్ అన్ని శాంపిళ్లకూ ఒకటే ఉండాలి. 60 సెకన్ల వీడియోలు కనీసం మూడు. డైల్యూట్ చేసే పీబీఎస్‌ను 0.1 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, ముందు దాన్నే ఒట్టిగా చూడండి. నిల్వ ఉన్న పీబీఎస్‌లో ఫాస్ఫేట్ నలుసులు సరిగ్గా 100 నానోమీటర్ల దగ్గరే కనిపిస్తాయి.

#4 కణసందేశం
ధన్యవాదాలు అండీ. రోటర్ విషయం ఒకటి. ఇప్పటిదాకా టైప్ 45 టీఐలో తిప్పుతున్నాం. వచ్చే నెల నుంచి కామన్ ఫెసిలిటీలో ఎస్‌డబ్ల్యూ 32 టీఐ మాత్రమే దొరుకుతుంది. 1,00,000 జీ, 70 నిమిషాలు అలాగే ఉంచొచ్చా?

#5 స్పిన్‌మాస్టర్
ఉంచకూడదు. జీ ఒకటే అయినా వెసికిల్ ప్రయాణించే దూరం మారుతుంది. కే ఫ్యాక్టర్‌తో (రోటర్ ఎంత త్వరగా దించుతుందో చెప్పే అంకె, తక్కువైతే త్వరగా) లెక్క కట్టాలి. పుస్తకంలో ఇచ్చిన కే ఫ్యాక్టర్ గరిష్ఠ వేగానిది, మీరు తిప్పే వేగానికి మార్చుకోవాలి: గరిష్ఠ ఆర్‌పీఎమ్‌ను మీ ఆర్‌పీఎమ్‌తో భాగించి, వర్గం చేసి, కే తో గుణించండి.

45 టీఐకి కే 133, గరిష్ఠ వ్యాసార్ధం 103.8 మి.మీ. అడుగున 1,00,000 జీ రావాలంటే సుమారు 29,350 ఆర్‌పీఎమ్. అప్పుడు కే దాదాపు 312. ఎస్‌డబ్ల్యూ 32 టీఐకి కే 204, వ్యాసార్ధం 152.5 మి.మీ., 24,200 ఆర్‌పీఎమ్, మారిన కే దాదాపు 356. కాబట్టి 70 నిమిషాలకు బదులు 80. అదే 70 టీఐ దొరికితే (కే 44, వ్యాసార్ధం 91.9 మి.మీ., 31,200 ఆర్‌పీఎమ్) 50 నిమిషాలు చాలు, ఇంకా తిప్పితే అదనంగా ప్రొటీన్ దిగుతుంది. నేను చెప్పినవి గరిష్ఠ వ్యాసార్ధం దగ్గరి జీ. సగటు జీ తీసుకునేవాళ్లూ ఉన్నారు, ఏది తీసుకున్నారో థీసిస్‌లో రాయకపోతే ఇంకొకరు దాన్ని రిపీట్ చేయలేరు. రోటర్ పేరు, ట్యూబ్ రకం, ఆర్‌పీఎమ్, కే ఫ్యాక్టర్, బ్రేక్ పెట్టారా లేదా, అన్నీ రాయండి.

స్వింగ్ బకెట్‌లో పలుచని ట్యూబులు పై అంచుకు 2, 3 మి.మీ. దాకా నిండాలి, లేకపోతే లోపలికి నలిగిపోతాయి. 38.5 మి.లీ. ట్యూబులు ఆరు, అంటే మీ 200 మి.లీ. మీడియం ఒక్క రన్‌లో పడుతుంది. పెల్లెట్ కంటికి కనిపించదు. ఫిక్స్‌డ్ యాంగిల్‌లో అయితే ట్యూబ్ బయట మార్కర్‌తో గీత పెట్టి, గీత పైకి వచ్చేలా పెట్టండి, పెల్లెట్ ఆ వైపే ఉంటుంది.

#6 ఆర్ఎన్ఏ_రాధ
నా ప్రశ్న వేరు. లీకేజీ ఎంతసేపటికి మొదలవుతోంది? మిర్-105 కథ నిజమైతే వెసికిల్ లోపలికి వెళ్లాలి, సరుకు సైటోసాల్‌లోకి రావాలి, జడ్ఓ-1 తయారీ ఆగాలి, అప్పటికే ఉన్న ప్రొటీన్ తరిగిపోవాలి. అది 24, 48 గంటల వ్యవహారం. వీఈజీఎఫ్ (రక్తనాళాలను పెంచే గ్రోత్ ఫ్యాక్టర్) లాంటిది రిసెప్టర్‌ని తాకితే గంట లోపే కీళ్లు వదులవుతాయి. ఒక్క టైమ్ కోర్స్ పెడితే సగం సందేహం తీరుతుంది.

#7 కణసందేశం
30 నిమిషాలు, 2, 6, 24, 48 గంటలు చూశాం మేడమ్. పెల్లెట్‌తో 2 గంటలకే పూర్తిగా పెరిగిపోతోంది, 24 గంటలకు కొంత తగ్గుతోంది. జడ్ఓ-1 బ్లాట్‌లో 48 గంటలకు కూడా మార్పు లేదు.

#8 ఆర్ఎన్ఏ_రాధ
అయితే ఈ ఎఫెక్ట్ మైక్రోఆర్ఎన్ఏది కాదు. 2 గంటల్లో పైకి లేచి 24 గంటలకు దిగేది రిసెప్టర్ సిగ్నల్.

అంకెలతో కూడా చూద్దాం, ఎందుకంటే కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఇన్సర్ట్‌లో లక్ష హువెక్ కణాలు అనుకుంటే 3.3×10⁹ పార్టికల్స్ అంటే కణానికి 33,000. ఒక్కో వెసికిల్‌లో ఫలానా మైక్రోఆర్ఎన్ఏ ఎన్ని కాపీలు ఉంటుందని 2014లో షెవిలే బృందం కొలిచింది. సమృద్ధిగా ఉన్న మైక్రోఆర్ఎన్ఏకి కూడా సగటున వంద ఎక్సోజోమ్‌లు వెతికితే గాని ఒక్క కాపీ దొరకలేదు. ఆ లెక్కన 33,000 మొత్తం లోపలికి వెళ్లినా 330 కాపీలు. నిజానికి లోపలికి వెళ్లేది కొద్ది శాతం, వెళ్లినవాటిలో ఎక్కువ భాగం లైసోజోమ్‌లో జీర్ణమైపోతుంది. కణంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని కాపీలు ఉన్న మైక్రోఆర్ఎన్ఏ తన టార్గెట్‌ను చెప్పుకోదగ్గంతగా అణచలేదు. ఆర్ఎన్ఏతో సందేశం అసాధ్యమని నేను అనడం లేదు. మాస్ట్ కణాల ఎక్సోజోమ్‌లలోని ఎంఆర్ఎన్ఏ గ్రహీత కణంలో ప్రొటీన్‌గా తయారైందని 2007లో వలాడీ, లోట్వాల్ చూపించారు. కానీ మీ ప్రెప్‌లో, మీ డోసులో ఎన్ని కాపీలు వెళ్తున్నాయో డిజిటల్ పీసీఆర్‌తో కొలవకుండా ఆ మాట రాయకూడదు.

ఆ ఆర్ఎన్ఏ వెసికిల్ లోపలే ఉందా అన్నది ఇంకో పరీక్ష. ప్రెప్‌ను నాలుగు భాగాలు చేయండి: ఏమీ కలపనిది, ఆర్ఎన్ఏస్ ఒక్కటే కలిపింది, ముందు ప్రొటీనేస్ కె తర్వాత ఆర్ఎన్ఏస్ కలిపింది, ట్రైటాన్ ఎక్స్-100తో పొర కరిగించి ఆ రెండూ కలిపింది. రెండోది మాత్రమే చేసి వదిలేస్తే మోసపోతారు. ఏజీఓ2 ప్రొటీన్ పట్టుకున్న మైక్రోఆర్ఎన్ఏ వెసికిల్ బయట ఉన్నా ఆర్ఎన్ఏస్‌కి దొరకదు, ముందు ఆ ప్రొటీన్‌ను కరిగించాలి. ప్రొటీనేస్‌ను పీఎమ్‌ఎస్‌ఎఫ్‌తో ఆపాకే ఆర్ఎన్ఏస్ వేయండి, లేకపోతే అది ఆర్ఎన్ఏస్‌నే తినేస్తుంది. నార్మలైజ్ చేయడానికి యూ6 (కణాల్లో పోలికకు వాడే చిన్న ఆర్ఎన్ఏ) వాడకండి, అది వెసికిల్స్‌లో నిలకడగా ఉండదు. లైసిస్ అయ్యాక సెల్-మిర్-39 (మనిషిలో లేని, పురుగు మైక్రోఆర్ఎన్ఏ) స్పైక్ కలిపి, సమాన పార్టికల్స్ నుంచి మొదలుపెట్టండి.

#9 తుంగభద్ర
హువెక్ ఏ మీడియంలో ఉన్నాయి? ఈజీఎం-2 అయితే అందులో హెపారిన్ ఉంటుంది. వెసికిల్స్ కణాన్ని పట్టుకునే దారుల్లో హెపరాన్ సల్ఫేట్ (కణం పైనుండే చక్కెర గొలుసు) ముఖ్యమైనది. మీడియంలోని హెపారిన్ ఆ చోటుకి పోటీ పడి అప్‌టేక్‌ను తగ్గిస్తుంది. పైగా అదే మీడియంలో వీఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్, 2 శాతం సీరమ్ కూడా ఉంటాయి కాబట్టి మీ కంట్రోల్ వెల్ అప్పటికే ఉత్తేజితమై ఉంటుంది. పరీక్షకు ముందు హెపారిన్, వీఈజీఎఫ్ లేని బేసల్ మీడియంలోకి మార్చి, కొద్ది గంటలు ఆగి మొదలుపెట్టండి. ఇంకోటి, హెపారిన్ పీసీఆర్‌ను కూడా అడ్డుకుంటుంది.

ఎండోథీలియంతో పనిచేసేవాళ్లు మరిచిపోకూడనిది ఎండోటాక్సిన్. హువెక్‌కి ఎల్‌పీఎస్ (అదే ఎండోటాక్సిన్, బాక్టీరియా పొరలోనిది) కొంచెం తగిలినా ఐకామ్, వీకామ్ (వాపును సూచించే ప్రొటీన్లు) పైకి లేస్తాయి, పొర వదులవుతుంది. పెల్లెట్‌కి ఎల్‌ఏఎల్ (ఎండోటాక్సిన్‌ను కొలిచే) పరీక్ష చేయించండి, దాన్ని పట్టేసే పాలిమిక్సిన్ బీ కలిపిన వెల్ పెట్టండి. దాత కణాలకు మైకోప్లాస్మా (కణాల్లో చేరే అతి చిన్న బాక్టీరియా) పరీక్ష ప్రతి బ్యాచ్‌కీ. అది కణాల్లో ఉంటే మీ పెల్లెట్‌లోకి నేరుగా దిగుతుంది, ఎన్‌టీఏలో కొంచెం పెద్ద వెసికిల్‌లా కనిపిస్తుంది.

#10 వెసికిల్_వైజాగ్
దీనికి జత: కణాలు పెట్టని మీడియం 200 మి.లీ. తీసుకుని, 48 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచి, అన్ని స్పిన్‌లూ, కాలమ్ కూడా అచ్చం అలాగే దాటించి, చివర్లో దక్కినదాన్ని హువెక్‌కి ఇవ్వండి. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అన్నిటికన్నా విలువైన కంట్రోల్ ఇదే, అన్నిటికన్నా తక్కువ మంది చేసేదీ ఇదే. 18 గంటలు తిప్పిన సీరమ్‌లో కూడా ఆవు వెసికిల్స్, ఆవు ఆర్ఎన్ఏ కొంత మిగులుతాయి. చాలా మైక్రోఆర్ఎన్ఏల వరుస ఆవుకీ మనిషికీ ఒకటే, పీసీఆర్ తేడా చెప్పలేదు. సీరమ్‌ను నేరుగా తిప్పకుండా మీడియంలో 20 శాతానికి పలుచన చేసి తిప్పితే చిక్కదనం తగ్గి వెసికిల్స్ బాగా దిగుతాయి. మీడియం సేకరించే రోజు దాత కణాల్లో బతికున్నవి 95 శాతం పైన ఉండాలి. చనిపోయే కణాల ముక్కలు 10,000 జీ దగ్గరే అన్నీ ఆగిపోవు.

#11 స్పిన్‌మాస్టర్
ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. టైమ్ కోర్స్ చూస్తే పని చేసేది ప్రొటీన్, బహుశా గ్రోత్ ఫ్యాక్టర్. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెల్లెట్‌తో పాటు దిగిన స్వేచ్ఛా ప్రొటీన్ ఇది, ఎక్సోజోమ్‌లకి సంబంధం లేదు. కాలమ్‌లో 11వ ఫ్రాక్షన్ నుంచి అవతల వచ్చే ప్రొటీన్‌ను హువెక్‌కి ఇవ్వండి, లీకేజీ అక్కడ దొరుకుతుంది.

#12 తుంగభద్ర
అంత తొందరగా కొట్టిపారేయలేం అండీ. వీఈజీఎఫ్ వెసికిల్ ఉపరితలానికి అంటుకుని కూడా ఉంటుంది. వీఈజీఎఫ్-189 రూపం హెపరాన్ సల్ఫేట్ ద్వారా చిన్న వెసికిల్స్ పైన కట్టుకుని ఉంటుందని, బెవాసిజుమాబ్ (వీఈజీఎఫ్‌ను ఆపే యాంటీబాడీ మందు) దాన్ని సరిగ్గా అడ్డుకోలేదని 2019లో వచ్చింది. ఎక్సోజోమ్ సందేశం ఇవ్వాలంటే లోపలికి వెళ్లాల్సిన అవసరమూ లేదు. 1996లో రపోసో బృందం చూపించింది బీ కణాల ఎక్సోజోమ్‌ల పైనున్న ఎమ్‌హెచ్‌సీ క్లాస్ 2 (యాంటిజెన్‌ను చూపించే ప్రొటీన్) టీ కణాలను ఉత్తేజపరచడమే. ఉపరితలంలో ఉన్నదంతా కల్మషమే అని కాలమ్‌లో కడిగేస్తే నిజమైన సందేశాన్ని కూడా కడిగేసినట్టవుతుంది.

#13 స్పిన్‌మాస్టర్
ఉపరితలానికి కట్టుకుని ఉంటే వెసికిల్‌తో పాటే తేలాలి కదా. దాన్నే పరీక్షిద్దాం. పెల్లెట్‌ను 40 శాతం అయోడిక్సనాల్‌తో (సాంద్రత ఎక్కువున్న ద్రవం) కలిపి ట్యూబ్ అడుగున పెట్టి, పైన 20, 10, 5 శాతాల పొరలు వేసి, 1,00,000 జీ దగ్గర 18 గంటలు. వెసికిల్స్ పైకి తేలి మి.లీ.కి 1.08, 1.12 గ్రాముల సాంద్రత మధ్య ఆగుతాయి, స్వేచ్ఛా ప్రొటీన్ అడుగునే ఉండిపోతుంది. పైనుంచి పోస్తే ఈ తేడా స్పష్టంగా రాదు, ప్రొటీన్ ముద్దలు కూడా దిగుతూ దారిలో కనిపిస్తాయి. అందుకే అడుగు నుంచే. ప్రతి ఫ్రాక్షన్‌లో సీడీ81, సింటెనిన్ (వెసికిల్ గుర్తులు) బ్లాట్, వీఈజీఎఫ్ ఎలైసా, లీకేజీ, మూడూ పక్కపక్కన చూడండి. అయోడిక్సనాల్ కణాలకు ఇచ్చే ముందు తీసేయాలి, ఖాళీ గ్రేడియంట్‌లోని అదే ఫ్రాక్షన్ కంట్రోల్‌గా ఉండాలి.

లీకేజీ తేలిన ఫ్రాక్షన్‌లో ఉంటే తుంగభద్ర గారి మాట నిజం, నేను ఒప్పుకుంటాను.

#14 తుంగభద్ర
ఈ పరీక్ష న్యాయంగా ఉంది. ఒక్కటి కలపండి. వీఈజీఎఫ్‌ను ఆపడానికి యాంటీబాడీ ఒక్కటే వాడితే ఉపరితలానికి కట్టుకున్నది తప్పించుకోవచ్చు. గ్రహీత కణం వైపు నుంచి వీఈజీఎఫ్‌ఆర్2 ఇన్హిబిటర్ కూడా పెట్టండి. యాంటీబాడీతో ఆగక, ఇన్హిబిటర్‌తో ఆగితే అదే ఒక ఫలితం.

#15 ఈఎం_గ్రిడ్
ప్రెప్ చిత్రం లేకుండా ఎవరూ ఒప్పుకోరు కాబట్టి రెండు మాటలు. నెగెటివ్ స్టెయిన్‌లో కప్పులా సొట్టపడి కనిపించేది ఆరబెట్టడం వల్ల, క్రయో ఈఎమ్‌లో అవే వెసికిల్స్ గుండ్రంగా ఉంటాయి. కప్పు ఆకారం ఎక్సోజోమ్ లక్షణమని థీసిస్‌లో రాయకండి. గ్రిడ్ మీద పీబీఎస్ మిగిలి ఉండగా యురనైల్ ఎసిటేట్ వేస్తే ఫాస్ఫేట్‌తో కలిసి నల్లటి గింజలు పడతాయి. రెండు మూడు చుక్కల నీటితో కడిగి అప్పుడు స్టెయిన్ చేయండి. దగ్గరి చిత్రంతో పాటు వెడల్పు ఫీల్డ్ చిత్రం కూడా పెట్టండి, వెసికిల్స్ మధ్య ఎంత చెత్త ఉందో అందులోనే తెలుస్తుంది.

బ్లాట్‌లో సీడీ63, సీడీ9, సీడీ81 యాంటీబాడీలు చాలావరకు నాన్-రెడ్యూసింగ్‌లోనే పట్టుకుంటాయి, బఫర్‌లో డీటీటీ, బీటా-మెర్కాప్టోఇథనాల్ వేయకండి. సీడీ63 చక్కెర గొలుసుల వల్ల 30 నుంచి 60 కిలోడాల్టన్ల దాకా పూసినట్టు వస్తుంది, అది లోపం కాదు. కాల్‌నెక్సిన్ (శుభ్రమైన వెసికిల్స్‌లో ఉండకూడని, కణం లోపలి ప్రొటీన్) లైన్‌లో పక్కన కణాల లైసేట్ తప్పనిసరి. అది లేకుండా కాల్‌నెక్సిన్ రాలేదంటే యాంటీబాడీ పని చేయలేదని కూడా అర్థం కావచ్చు.

#16 కణసందేశం
అప్‌టేక్ చూడటానికి పీకేహెచ్67 (పొరకు పట్టే ఆకుపచ్చ రంగు) ఉంది. వాడొచ్చా? అలాగే విడుదలను ఆపడానికి జీడబ్ల్యూ4869 సరిపోతుందా?

#17 వెసికిల్_వైజాగ్
పీకేహెచ్ నాకు నమ్మకం లేదు. ఆ రంగు నీటిలో తనంతట తానే వెసికిల్ సైజు నలుసులుగా కడుతుంది, కణాలు వాటినీ మింగుతాయి, ఆకుపచ్చ చుక్కలు అచ్చం అలాగే వస్తాయి. వాడక తప్పకపోతే వెసికిల్స్ లేని పీబీఎస్‌లో అంతే రంగు వేసి, అదే కాలమ్ దాటించి కంట్రోల్ పెట్టండి. దాత కణంలోనే సీడీ63కి నానోలూక్ (కాంతినిచ్చే ఎంజైమ్) తగిలించి, కాంతి కొలిస్తే గ్రహీత కణం ఎంత శాతం పట్టుకుందో అంకె వస్తుంది. 37 డిగ్రీలు, 4 డిగ్రీలు రెండూ చేయండి. 4 దగ్గర కనిపించేది ఉపరితలానికి అంటుకున్నది.

జీడబ్ల్యూ4869 న్యూట్రల్ స్ఫింగోమయలినేస్‌ను ఆపుతుంది. 10 నుంచి 20 మైక్రోమోలార్ వాడతారు. డీఎంఎస్‌ఓలో కూడా సరిగ్గా కరగదు, వేసే ముందు వెచ్చబెట్టి కలిపి చూసుకోండి. అది ఎక్సోజోమ్‌లను తగ్గిస్తూనే ప్లాస్మా పొర నుంచి మొగ్గలుగా ఊడే పెద్ద వెసికిల్స్‌ను పెంచవచ్చు. మిగిలిన మందు పెల్లెట్‌తో పాటు వచ్చి హువెక్‌కి చేరవచ్చు. ర్యాబ్27ఏ (ఎక్సోజోమ్ విడుదలకు కావలసిన ప్రొటీన్) నాక్‌డౌన్ ఇంకాస్త మేలు, కానీ అది మామూలు ప్రొటీన్ల స్రావాన్ని కూడా కొంత మారుస్తుంది. మీ అనుమానితుడు వీఈజీఎఫ్ కాబట్టి నాక్‌డౌన్ మీడియంలో మొత్తం వీఈజీఎఫ్ తగ్గిందేమో ముందు చూడండి. తగ్గితే ఆ ప్రయోగం ఏమీ చెప్పదు. శుభ్రమైన వెసికిల్స్‌ను తిరిగి కలిపితే ఎఫెక్ట్ తిరిగి రావాలి, అప్పుడే నాక్‌డౌన్‌కి అర్థం.

మల్టీవెసిక్యులర్ బాడీ (కణం లోపల ఎక్సోజోమ్‌లు తయారయ్యే సంచి) నుంచే వచ్చాయని చూపించనంత వరకు ఫలితాల అధ్యాయంలో చిన్న ఈవీలు (కణాల బయటి వెసికిల్స్) అనే రాయండి.

#18 రక్తనమూనా
మధ్యలో అడుగుతున్నాను, పేషెంట్ల ప్లాస్మాతో ఇదే కాలమ్ చాలదా?

#19 వెసికిల్_వైజాగ్
చాలదు. ప్లాస్మాలో లైపోప్రొటీన్ల సంఖ్య వెసికిల్స్ కన్నా ఎన్నో వేల రెట్లు. వీఎల్‌డీఎల్, కైలోమైక్రాన్‌లు సైజులో వెసికిల్స్‌తో కలిసి కాలమ్ దిగుతాయి, హెచ్‌డీఎల్ సాంద్రతలో కలుస్తుంది. అందుకే సైజు, సాంద్రత రెండింటితోనూ వేరు చేయాలి, ఏపీఓబీ (లైపోప్రొటీన్ గుర్తు) బ్లాట్ చూడాలి. రక్తం సిట్రేట్ లేదా ఈడీటీఏలో, హెపారిన్ వద్దు, వీలైతే పరగడుపున. 2,500 జీ 15 నిమిషాలు రెండు సార్లు, ప్లేట్‌లెట్‌లు పోయాకే ఫ్రీజ్ చేయాలి. ప్లేట్‌లెట్‌లతోనే ఫ్రీజ్ చేస్తే కరిగేటప్పుడు అవి పగిలి వేల కొద్దీ వెసికిల్స్ వదులుతాయి. ఎర్రబడ్డ శాంపిల్ పక్కన పెట్టేయండి. ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతిలో నమూనా వాల్యూమ్ కాస్త ఎక్కువే రాయించుకోండి, రెండు పద్ధతులు కలిపితే నష్టం చాలా ఉంటుంది.

#20 కణసందేశం
సరే అండీ. వరుస ఇలా అనుకుంటున్నాను: ముందు కణాలు లేని మీడియం కంట్రోల్, ఎల్‌ఏఎల్, మైకోప్లాస్మా. తర్వాత కాలమ్ 5 నుంచి 20 దాకా ప్రతి ఫ్రాక్షన్‌నీ చిక్కబరచి బేసల్ మీడియంలో 2 గంటల లీకేజీ. ఆ తర్వాత అడుగు నుంచి గ్రేడియంట్. ప్రతి బ్యాచ్‌ను చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో పెట్టి వాడదామనుకుంటున్నాను.

#21 తుంగభద్ర
వరుస బాగుంది. లీకేజీ పరీక్ష మాత్రం తాజా ప్రెప్‌తో చేయండి, 4 డిగ్రీల దగ్గర ఉంచి మర్నాటికల్లా. ఒట్టి పీబీఎస్‌లో మైనస్ 80లో పెడితే పార్టికల్స్ సంఖ్య పడిపోతుంది, వెసికిల్స్ ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఉపరితల ప్రొటీన్ ఊడే అవకాశమూ ఉంది. మీరు వెతికేదే ఉపరితల ప్రొటీన్. బ్లాట్, ఆర్ఎన్ఏ కోసం దాచేవాటికి పీబీఎస్‌లో హ్యూమన్ ఆల్బుమిన్, ట్రెహలోజ్ కలిపి లో-బైండ్ ట్యూబుల్లో పెట్టండి, ఒకసారి కరిగించింది మళ్లీ ఫ్రీజ్ చేయవద్దు. ఆల్బుమిన్ కలిపాక బీసీఏ పనికిరాదు కాబట్టి ప్రొటీన్ కొలత ముందే తీసుకోండి.

#22 స్పిన్‌మాస్టర్
కాలమ్‌కి పెల్లెట్ వేయడం మానేయండి. గట్టిగా అణిగిన పెల్లెట్‌లో వెసికిల్స్, ప్రొటీన్ కలిసి ముద్దలవుతాయి, అవి 7వ ఫ్రాక్షన్‌లోనే దిగి వెసికిల్‌లా లెక్కకొస్తాయి. 10,000 జీ పైద్రవాన్ని 10 కిలోడాల్టన్ల ఫిల్టర్‌లో 0.5 మి.లీ.కి చిక్కబరచి నేరుగా కాలమ్‌లో వేయండి. మీ 1.5×10¹¹లో కాలమ్ దాటింది 4×10¹⁰ మాత్రమే, మిగిలినదంతా నష్టమా, మొదటి నుంచీ వెసికిల్స్ కానిదా అన్నది కూడా అప్పుడు తెలుస్తుంది. డోసు రాసేటప్పుడు దాత కణాల లెక్క కూడా పెట్టండి. 20 కోట్ల కణాల నుంచి 4×10¹⁰ అంటే కణానికి 200. గ్రహీతకు 33,000 ఇస్తున్నారంటే 165 దాత కణాల రెండు రోజుల దిగుబడి ఒక్క హువెక్ కణానికి. కాబట్టి ఈ డోసుతో పాటు పదో వంతు, వందో వంతు కూడా పెట్టి, ఎఫెక్ట్ ఎక్కడ ఆగుతుందో చూపించండి.